ఈ వాన సొనాటాలో పక్కవాద్యం ఎవరు?

ఫిడేలత్త (తిరుపతి)

అందరికీ నమస్కారం. మీరంతా రాసుకునేది చదివి పోవడమే గానీ నేనుగా ఇక్కడ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

మాది బైరాగిపట్టెడ. 26 ఏండ్లుగా ఫిడేలు వాయిస్తా ఉండా. సోలో కచేరీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ పక్కవాద్యమే. అందులోనూ నేను ఎక్కువగా వాయించేది ఆడవాళ్ళ పాటకి. అందుకే నా పెట్టె ఎప్పుడు తెరిచినా ఫిడేలు అయిదు కట్టై శ్రుతిలో (కట్టై అంటే శ్రుతి ఎంత ఎత్తో చెప్పే కొలత) సపసప అనే, అంటే నాలుగు తీగలూ షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమంగానే ఉంటుంది. సాయంత్రమైతే ఇంటికి పిల్లలొస్తారు, సరళీ వరసల నించి వర్ణాల దాకా చెప్తాను. పాశ్చాత్య సంగీతం గురించి నాకు తెలిసిందంతా సినిమాల్లో వెనకాల వినపడేదే.

మొన్న ముసురు పట్టింది కదా. మా పక్క వాన సంగతి తెలియనోళ్ళకి ఒక మాట. ఆషాఢం, శ్రావణం మమ్మల్ని పెద్దగా పట్టించుకోవు. కార్తీకం వచ్చినాక సముద్రం మీద వాయుగుండం అని వార్తల్లో చెప్తే అప్పుడు మాకు అసలు వాన. కొండ మాయమైపోతుంది. కపిలతీర్థంలో మామూలు రోజుల్లో జారుడు దారంలా ఉండే నీళ్ళు ఒక్క రాత్రికి ఎర్రగా అయి, గుడి ముందర నిలబడితే మాట వినపడనంత రొదతో దూకతాయి. మొదటి రోజు చూసేదానికి గొడుగులేసుకుని పోతాం. 2021 నవంబరు చూసినోళ్ళం కాబట్టి రెండో రోజుకల్లా బియ్యం డబ్బాలు పైకెక్కిస్తాం.

ఆ రెండో రోజు రాత్రి కరెంటు పోయింది. పిల్లలెవరూ పాఠానికి రాలేదు. బెంగళూరు నించి మా అన్న కూతురు వచ్చుంది, 17 ఏండ్లు, పియానోలో ఎనిమిదో గ్రేడు పరీక్ష రాయబోతా ఉంది. నేను కొవ్వొత్తి వెలుగులో దోసెలు పోస్తా ఉంటే, ఈ పిల్ల ఫోనుని స్టీలు చెంబులో నిలబెట్టింది, శబ్దం పెద్దగా వస్తుందంట. "అత్తా, ఇది విను, వాన సొనాటా" అనింది.

పియానో మెత్తగా రెండడుగులేసింది. ఆ వెంటనే ఫిడేలు. పా... ప పా... అంతే. మూడు పంచమాలు పలికి కిందికి దిగింది. దోసె మాడింది. నేను చేతులు తుడుచుకుని పెట్టె తీసి పై తీగ మీద కమాను ఆనిస్తే సరిగ్గా అదే స్వరం! వేలు పెట్టనక్కర్లేదు, ఖాళీ తీగే పలికింది. బ్రామ్స్ అని జర్మనీ ఆయన ఫిడేలుకీ పియానోకీ కలిపి రాసిన మూడు భాగాల రచనంట, జి మేజరంట. "నీ అయిదు కట్టై షడ్జమమే అత్తా" అనింది పాప. ఇంకేం, శంకరాభరణమే కదా అని ధైర్యం తెచ్చుకున్నా. ఆ ధైర్యం రెండు నిమిషాలు ఉండింది. తర్వాత ఆయన షడ్జమాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోతా ఉంటే వెతుక్కోవడమే సరిపోయింది నాకు.

ఇప్పుడు తంటా ఏందంటే, మాఘంలో మా అన్న షష్టిపూర్తి. ఇద్దరం కలిసి ఇది వాయించాలని పాప పట్టు. మొత్తం 27 నిమిషాలు ఉంటుందంట, అంతా కాదులే, మూడో భాగం ఒక్కటే. నాకు శ్రుతి మార్చుకోవడం, నిలబడి వాయించడం, గమకం వెయ్యాలా వద్దా, అన్నీ అనుమానాలే. కానీ నిద్ర పట్టనియ్యనిది ఇంకొకటుంది.

మొదటి భాగంలో నడిమధ్యన ఒకచోట పియానో ఆ మొదటి పాటని తను ఎత్తుకుంటుంది. అప్పుడు ఫిడేలు ఏం చేస్తుందో తెలుసా? కమాను పక్కకి పెట్టి వేళ్ళతో తీగలు మీటుతుంది, తంబూరా మాదిరి. కాసేపటికి పాట మళ్ళీ ఫిడేలుకొస్తుంది, పియానో అడుగున పారతా ఉంటుంది. ఇందులో పాడేదెవరు, పక్కవాద్యం ఎవరు? పాపనడిగితే "ఇద్దరూ సమానమే" అంటుంది. సమానమంటే కుదురుతుందా అమ్మా? కచేరీలో నా పని నాకు తెలుసు. పాడే ఆమె ఎటు తిరిగితే అటు తిరగాల, ఆమె వదిలేసిన చోట నేను రెండు ముక్కలు చెప్పాల, ఆమె మళ్ళీ ఎత్తుకుంటే తగ్గాల. ఇక్కడ ఎవరి వెనకాల నడవాల నేను?

అట్లనే, వాన ఎక్కడుంది ఇందులో? నాకు చినుకు వినపడింది గానీ, పాప చెప్తే విన్నానా, నిజంగా విన్నానా తేల్చుకోలేకుండా ఉండా.

పీలేరు పెద్దాయన

అమ్మా, కోపగించుకోవద్దు. నలభయ్యేళ్ళుగా త్యాగరాజ ఆరాధనలకి పోయి వినే చెవి నాది. వాన కావాలంటే మనకి అమృతవర్షిణి లేదా? ఎట్టయపురం పోయే దారిలో ఎండిన పొలాలు చూసి ముత్తుస్వామి దీక్షితులు ఆ రాగంలో పాడితే వాన దిగిందని చెప్పుకుంటారు. స గ మ ప ని, అయిదు స్వరాలు, రిషభం ధైవతం లేవు, మేఘం ఉరిమినట్టుంటుంది. దాన్ని వదిలేసి చెంబులో వినపడిన పాట కోసం శ్రుతి మార్చుకుంటావా? షష్టిపూర్తికొచ్చే బంధువులు భోజనాలెప్పుడని అడుగుతారు గానీ నీ జి మేజరు ఎవురికి కావాల?

మా చిన్నప్పుడు వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అని ఇల్లిల్లూ తిప్పేవాళ్ళం. ఆడోళ్ళు బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళు. మన పక్క పాటలు వానని పిలిచేవి. కిటికీ పక్కన కూచుని వానని చూసి పాడుకునేది కడుపు నిండినోళ్ళ పాట.

రేణిగుంట ప్యాసింజర్

స్టీలు చెంబు కన్నా మట్టికుండ మేలు అత్తా. చెంబులో పై స్వరాలు గీరుకుంటాయి. మిగతాది పెద్దవాళ్ళు చెప్తారు.

సెమీటోను (వేలూరు)

ముందు పెద్దాయనకి ఒక మాట. అయ్యా, మీరు చెప్పిన ఎట్టయపురంలో ఆస్థాన విద్వాంసుడిగా ఉన్నది ఎవరు? దీక్షితుల తమ్ముడు బాలుస్వామి. మద్రాసులో యూరోపియన్ దగ్గర ఫిడేలు నేర్చుకుని మన పాటలోకి తెచ్చిన తొలివాళ్ళలో ఆయనొకడు. అంటే మీ వాన కథలో అన్న నడిచిన దారి చివర ఫిడేలు ఉంది. అత్త ఇప్పుడు చేస్తున్నది అదే దారిలో వెనక్కి నడవడం.

అక్కా, నేను పుట్టింది చిత్తూరు పక్కన, చదువు, ఉద్యోగం వేలూరులో. చర్చి ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ వాయిస్తాను, కర్ణాటకం ఆరేళ్ళు నేర్చుకుని వదిలేశాను. రెండు పడవల మీదా కాలు పెట్టి ఉన్నాను కాబట్టి పనికొచ్చేది చెప్తాను.

శ్రుతి సంగతి మీరు భయపడినంత లేదు. మీరు మగవాళ్ళ పాటకి ఒకటి, ఒకటిన్నర కట్టైలో పెట్టుకునే వాళ్ళయితే నాలుగు తీగలూ మార్చాల్సి వచ్చేది. అయిదు కట్టై అంటే మీ తీగలు, వాళ్ళ స్వరాల పేర్లలో, కింది నించి జి, డి, జి, డి. వాళ్ళవి జి, డి, ఎ, ఇ. కింది రెండూ కదిలించక్కర్లేదు. పై రెండూ ఒక్కో స్వరం, అంటే షడ్జమం నించి చతుశ్రుతి రిషభం దాకా పెంచాలి. షాపులో కొన్న మామూలు సెట్టు అయితే ఆ తీగలు పుట్టింది ఎ కోసమూ ఇ కోసమే. మీరే ఇన్నాళ్ళూ వాటిని కిందికి దించి కాపురం చేయిస్తున్నారు. ఇప్పుడు పుట్టింటికి పోతాయి, అంతే. కానీ పాతబడినవైతే పెంచవద్దు, తెగుతాయి, మొహం దగ్గర పెట్టుకుని బిరడా తిప్పవద్దు. పెంచేటప్పుడు బ్రిడ్జి మెడ వైపు వాలుతుంది, మధ్యమధ్య దాన్ని రెండు చేతులతో నిటారుగా సర్దండి.

ఒక చిన్న నష్టం ఉంది. మీకు ఖాళీ తీగ మీద పలికిన ఆ పంచమం కొత్త శ్రుతిలో ఖాళీ తీగ మీద దొరకదు. ఎ తీగ మీద మూడో వేలు. ఇది నష్టం కాదు నిజానికి. ఖాళీ తీగ మీద స్వరాన్ని మీరు ఏమీ చేయలేరు, వేలు ఉంటేనే దానికి ప్రాణం. ఆ మూడు పంచమాల దగ్గర బ్రామ్స్ రాసింది 'మెజ్జా వోచే', అరగొంతుతో అని. మొదటి భాగం మొదట్లోనే రాశాడు.

అసలు చిక్కు గాంధారం దగ్గర వస్తుంది. తంబూరా పెట్టుకుని మీరు వేసే అంతర గాంధారం పియానో గాంధారం కన్నా కొంచెం కింద ఉంటుంది. పియానోలో అన్ని మెట్లనూ సమానంగా పంచేశారు కాబట్టి దాని గాంధారం ఒక అర్ధస్వరంలో నూటికి 14 వంతులు ఎక్కువ. మీ చెవికి అది గీరుకున్నట్టుంటుంది. పియానో దిగి రాదు, మీరే ఎక్కాలి. పొడుగు స్వరాల దగ్గర ముఖ్యం, పరుగు స్వరాల్లో ఎవరికీ తెలియదు.

గమకం వద్దు. శంకరాభరణంలో మధ్యమాన్ని మనం ఊపే ఊపు ఇక్కడ వేస్తే పియానో పక్క మెట్టుతో గుద్దుకుంటుంది. వాళ్ళ కంపనం వేరే. స్వరం నించి స్వరానికి పోదు, ఉన్నచోటే మెల్లగా వణుకుతుంది. దీపం దగ్గర చెయ్యి అడ్డం పెట్టినప్పుడు మంట ఎంత కదులుతుందో అంత. మొదట అసలు లేకుండా వాయించండి, అదే బాగుంటుందనిపిస్తుంది మీకు.

నిలబడాలని ఎవరూ చట్టం చేయలేదు. కూచుని, ఫిడేలు తలకాయ చీలమండ మీద ఆనించి వాయించండి. జారుడుకి మన పద్ధతే సులువు, ఎడమచెయ్యి బరువు మొయ్యదు.

మూడో భాగం మొదలయ్యేది జి మైనర్‌లో. మీ లెక్కలో నటభైరవి రాగం, నిషాదం పైకెక్కి కాకలి అయినచోట కీరవాణి. చివర్లో శంకరాభరణానికి తిరుగుతుంది. మధ్యలో షడ్జమం శుద్ధ ధైవతం మీదికి జరిగి కొత్త శంకరాభరణం పుడుతుంది. గ్రహభేదం అనుకోండి, అయితే మనం రుచి చూపించి వెనక్కొచ్చేస్తాం, ఆయన అక్కడ కాపురం పెట్టేస్తాడు. స్వరలిపిలోకి దించుకునే పని పెట్టుకోవద్దు, ప్రతి పేజీలోనూ 'స' ఎవరో తేల్చుకోవాల్సి వస్తుంది. వాళ్ళ గీతలే నేర్చుకోండి, ఫిడేలుకి ఒక్క వరసే కదా, పదిహేను రోజుల పని. బ్రామ్స్ పోయి 125 ఏళ్ళు దాటింది, పాత ముద్రణలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

పాపకి మాత్రం చెప్పండి, 61 మెట్ల కీబోర్డుతో ఇది జరగదు. 88 ఉండాలి, కాలితో నొక్కే పెడలు ఉండాలి.

చిత్తూరోడు (ఇప్పుడు ఆస్ట్రియా)

మాది చిత్తూరు గాంధీ రోడ్డు. రెండేళ్ళుగా ఫిల్లాఖ్ అనే ఊళ్ళో ఎలక్ట్రానిక్ చిప్పుల ఫ్యాక్టరీలో పని. నాకు స్వరాలు తెలియవు. కానీ మీరు అడిగిన వాన ఎక్కడ పుట్టిందో ఆ ఊరికి ఇక్కడినించి రైల్లో పోవచ్చు కాబట్టి రాస్తున్నాను.

ఊరి పేరు పోర్ట్‌షాఖ్. వోర్టర్ అనే సరస్సు ఒడ్డున ఉంది. 1877, 78, 79 మూడు ఎండాకాలాలూ బ్రామ్స్ అక్కడే గడిపాడు. మొదటి ఏడు రెండో సింఫనీ, తర్వాతి ఏడు వయొలిన్ కన్చెర్టో (రెండూ ఆర్కెస్ట్రా రచనలు), 78లోనూ 79లోనూ ఈ సొనాటా. ఇక్కడ బాణీలు ఎట్లా ఎగురుతున్నాయంటే తొక్కకుండా నడవాలి అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. నేను పోయిన ఆదివారం జల్లు పడుతోంది. మన వాన కాదు సార్ అది. మనది తలుపు తన్నుకుని వచ్చే వాన. అక్కడిది సరస్సు మీద సూదులు గుచ్చినట్టు సన్నగా, చప్పుడు లేకుండా గంటలు గంటలు. గొడుగు తెరవాలా వద్దా అని ఆలోచించేలోపు సగం తడిసిపోయి ఉంటాం. అప్పుడనిపించింది, ఈ వానకి అరగొంతే సరిపోతుంది.

అయితే "వాన సొనాటా" అని ఆయన పేరు పెట్టలేదు. జనం పెట్టారు. కారణం మూడో భాగం. 1873లో ఆయన క్లౌస్ గ్రోట్ అనే కవి రాసిన రెండు వాన కవితలకి బాణీ కట్టాడు, ఒకదాని వెనక ఒకటి. మొదటిది, వానా కురువు కురువు, చిన్నప్పుడు ఇసకలో నీళ్ళు నురగలు కక్కుతుంటే నేను కన్న కలల్ని మళ్ళీ లేపు అంటుంది. రెండోది ఇంకా చిన్నది. చెట్ల మీది చినుకులు గడ్డి మీద, నా కంటి చుక్కలు నా చెంప మీద, ఎండొస్తే గడ్డి రెండింతలు పచ్చన, నా చెంపలు రెండింతలు వేడి. ఆ పాటల బాణీనే సొనాటా మూడో భాగంలో ఫిడేలుకిచ్చాడు. పాటలో కింద పియానో వేసే చినుకుల్ని పియానోకే ఉంచాడు. కాబట్టి అత్తా, మీరు చినుకు విన్నది భ్రమ కాదు. పియానోలో ఆగకుండా పడుతున్నదే అది. ఆ మూడు పంచమాలూ ఆ పాట మొదట్లోవే. సొనాటా మొదటి భాగంలో మొదటి స్వరాలకే వాటిని నాటి పెట్టాడన్నమాట. ఎక్కడినించి వచ్చాయో మూడో భాగం దాకా చెప్పడు.

పీలేరు పెద్దాయనా, మీ మాట ఒకటి నిజం. వీళ్ళ పాట వానని పిలవదు. వాన దేన్నో పిలుస్తుంది ఇందులో. కానీ కడుపు నిండినోళ్ళ పాట అన్నారు చూడండి, అక్కడ నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

క్లారా షూమన్ పేరు విని ఉంటారు, గొప్ప పియానిస్టు. భర్త, సంగీతకర్త షూమన్ మతి చెడి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, 1854లో, ఆమెకి చివరి కొడుకు పుట్టాడు. పేరు ఫెలిక్స్. బ్రామ్స్ ఆ పిల్లాడికి జ్ఞానపితగా (బాప్తిస్మంలో పెద్దదిక్కుగా) నిలబడ్డాడు. వాడు పెద్దయ్యి కవితలు రాశాడు, కొన్నింటికి బ్రామ్స్ బాణీ కట్టాడు. వాడు ఫిడేలు వాయించేవాడు. ఇది గుర్తు పెట్టుకోండి. క్షయ పట్టింది. 1879 ఫిబ్రవరి 16న పోయాడు, 24 ఏళ్ళు. ఆ ఫిబ్రవరిలోనే బ్రామ్స్ క్లారాకి ఒక కాగితం పంపాడు. ఒకవైపు ఈ సొనాటా రెండో భాగం మొదట్లోని 24 కొలతలు (మన తాళం ఆవృతాల్లాంటివి). రెండో వైపు, దీన్ని బాగా నెమ్మదిగా వాయించు, నేను నిన్నూ ఫెలిక్స్‌నీ, వాడి ఫిడేలునీ ఎట్లా తలుచుకుంటున్నానో నా మాటల కన్నా ఇదే బాగా చెప్తుంది అన్న అర్థంలో నాలుగు ముక్కలు.

ఆ రెండో భాగం మధ్యలో శవయాత్ర నడక ఒకటి వస్తుంది, వినండి. మూడు పంచమాల లయే అక్కడ బరువెక్కి అడుగులవుతుంది. తర్వాత మూడో భాగంలో వాన మధ్యలో ఆ రెండో భాగం పాట మళ్ళీ తొంగిచూస్తుంది. క్లారాకి ఆ వాన పాట ముందే ప్రాణం. సొనాటా చేతికొచ్చి మూడో భాగంలో అది ఎదురైతే ఏడ్చేసిందట. ఈ చివరి భాగం పైలోకానికి పోయేటప్పుడు నా వెంట రావాలని కోరుకుంది.

మీ అసలు ప్రశ్నకి నా దగ్గర ఒక ఆధారం మాత్రమే ఉంది. అచ్చువేసినప్పుడు పైన రాసింది "పియానోకూ వయొలిన్‌కూ సొనాటా" అని. పియానో ముందు. అప్పటి అలవాటే కావచ్చు. కానీ పియానో వాయించే క్లారాకీ, ఫిడేలు వాయించే ఫెలిక్స్‌కీ మధ్య ఇది పుట్టిందని తెలిశాక నాకు పక్కవాద్యం అన్న మాట నోటికి రావడం లేదు.

మొదటి ప్రదర్శన బాన్ నగరంలో, 1879 నవంబరు 8న. మీ ఊళ్ళో అసలు వాన పడే నెల. బ్రామ్స్ బిల్‌రోత్ అనే డాక్టరు స్నేహితుడికి రాస్తూ, ఇది వినాలంటే మెత్తని వాన సాయంత్రం కావాలి అన్నాడు. కరెంటు పోవాలని మాత్రం అడగలేదు.

పీలేరు పెద్దాయన

సరే. చెంబు లేదు గానీ మనవడి దగ్గర చెవుల్లో పెట్టుకునేవి ఉంటే పెట్టుకుని విన్నా. వాయించినోళ్ళు పెర్ల్‌మన్, అష్కెనాజీ అని ఉండింది. మొదటి భాగంలో తాళం వెయ్యబోయి రెండుసార్లు తప్పినా. ఆరు దెబ్బలు సరే, కాసేపు మూడూ మూడుగా పోతాయి, కాసేపు రెండూ రెండూ రెండుగా పోతాయి. చెప్పకుండా మారుస్తాడు. దొంగ. అది మాత్రం నచ్చింది, మా మృదంగం సామి వింటే ఎగిరి గంతేస్తాడు.

ఆ శవయాత్ర దగ్గర ఆపేసినా. మా తమ్ముడు పోయింది కూడా వానలోనే. ఇంకోరోజు వింటా.

కడుపు నిండినోళ్ళ పాట అన్నమాట వెనక్కి తీసుకుంటా ఉండా. అమృతవర్షిణి మాట తీసుకోను.

ఫిడేలత్త (తిరుపతి)

అందరికీ చాలా చాలా దండాలు. పది రోజులైంది, జరిగింది చెప్తాను.

సెమీటోను తమ్ముడు పాత తీగలు పెంచవద్దన్నాడు. నేను పెంచినా. టప్పుమని తెగి చెయ్యి మీద వాత. మా పిల్లి ఇప్పటికీ ఫిడేలు పెట్టె చూస్తే మంచం కిందికి పోతుంది. కొత్తవి వేసి, బ్రిడ్జి సర్దుకుంటా రోజుకి కొంచెం కొంచెం పెంచితే మూడో రోజుకి నిలబడినాయి.

కొర్లగుంటలో తెలిసిన మాష్టారింట్లో 88 మెట్ల కీబోర్డు ఉంది, పెడలు కూడా. ఆయన కొడుకు దుబాయి పోతా వదిలిపెట్టి పోయినాడంట, పైన గుడ్డ కప్పి దాని మీద దేవుడి పటాలు పెట్టుకోనుండారు. పటాలు దించి, మొక్కి, మొదలు పెట్టినాం. మూడో భాగం మొదటి పేజీ మాత్రమే. నేను పీట మీద కింద కూచున్నా, పాప స్టూలు మీద. మాష్టారి భార్య టీ పెట్టడానికి పోయి మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

గాంధారం సంగతి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. మూడో భాగం మొదట్లో సాధారణ గాంధారమే (కింది రకం) కాబట్టి అక్కడ సర్దుకున్నా గానీ, చివర్లో మేజరుకి తిరిగేచోట నా వేలు ఎప్పటి చోటికే పోయింది. పాప మొహం చిట్లించింది. ఇరవయ్యారేండ్లు తంబూరా చెప్పిన చోటు అది, ఒక్క పూటలో ఎట్లా వదులుతుంది?

అంతకన్నా పెద్దది ఇంకొకటి బయటపడింది. నాలుగోసారి వాయిస్తా ఉంటే పాప ఆపేసి, "అత్తా, నువ్వు నా వెనకాల వస్తా ఉండావు" అనింది. లేదే, సరిగ్గా కలిసే వేస్తా ఉండా కదా అన్నా. ఫోనులో రికార్డు చేసి వినిపించింది. నిజమే! ప్రతి ఎత్తుగడ దగ్గరా వెంట్రుకవాసి ఆగి, పియానో పడినాక పడతా ఉంది నా కమాను. నాకు తెలియకుండానే. పాడే ఆమె ఎటు పోతుందో విని పోవడమే నా చేతికి అలవాటైపోయింది. మా గురువుగారు దాన్నే మెచ్చుకునేవాళ్ళు, పాటకి నీడలాగా ఉండావు అని. ఇక్కడ నీడ పనికిరాదు. ఆ మూడు పంచమాలు ఫిడేలే ముందు అనాల. పియానో చినుకులు ఫిడేలు కోసం ఆగవు, ఫిడేలు చినుకుల కోసం ఆగకూడదు.

చిత్తూరు అబ్బాయి రాసింది పాపకి చదివి వినిపించినా. ఫెలిక్స్ ఫిడేలు దగ్గరికొచ్చేసరికి ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అదే అనింది, "అయితే నువ్వు నా వెనకాల రావద్దు అత్తా, నేనే నిన్ను వెతుక్కుంటా." ఆమాట ఎక్కడ నేర్చుకుందో. అయిదోసారి కళ్ళు మూసుకుని, పియానో వినపడనట్టే ముందు పడినా. రెండు చోట్ల విడిపోయినాం. మూడో చోట కలిసినాం, ఎవరు ఎవరితో కలిసినామో తెలీలేదు. మాష్టారి భార్య టీ పొంగిపోయింది.

పెద్దాయనా, షష్టిపూర్తికి మీరు రావాల. మాఘంలో వాన ఉండదు గానీ భోజనాలు ముందే పెట్టిస్తాను. అమృతవర్షిణి కూడా వాయిస్తాను, దానికి శ్రుతి మార్చే పని లేదు కదా.

రెండో భాగం జోలికి ఇప్పుడిప్పుడే పోను. విని విని మూడుసార్లు మధ్యలోనే ఆపేసినా, నేనూ మీ మాదిరే.

ముసురు విడిచి ఎండ కాస్తా ఉంది. నాలుగు గంటలైంది, పిల్లలొచ్చే టైము. పై తీగలు రెండూ దించి మళ్ళీ సపసప చేసుకోవాల.